ఐదు నిమిషాల పని

కాలాన్ని కొలవడంలో మన పెద్దవాళ్లు ఎంత వెనకబడి ఉన్నారో తలుచుకుంటే జాలేస్తుంది. అరవై విఘడియలు ఒక ఘడియ, ఘడియంటే 24 నిమిషాలు, ఏడున్నర ఘడియలు ఒక జాము అంటూ పంచాంగాలు నింపారే గానీ, "ఐదు నిమిషాల పని" అనే కొలత వాళ్లకి తట్టలేదు. ఆ లోటు బెంగళూరు తీర్చింది. కన్నడంలోనూ ఐదుని ఐదే అంటారు కాబట్టి ఈ కొలతకి మారతహళ్లిలో అనువాదం కూడా అక్కర్లేదు.

మా ఇంట్లో కుట్టుమిషన్ ఉందన్న సంగతి బయటికి పొక్కకుండా రెండేళ్లు కాపాడుకున్నాను. ఒక ఆదివారం బాల్కనీ తలుపు వేయడం మరిచిపోయి కుట్టాను. అరగంటలో ఎదురింటావిడ చేతిలో ఒక రెడీమేడ్ టాప్‌తో ప్రత్యక్షం.

"అక్కా, ఇది కొంచెం లూజుగా ఉంది. ఐదు నిమిషాల పనే. మీరు ఎలాగూ కుడుతున్నారుగా!"

ఈ "ఎలాగూ" ఉంది చూశారూ, దాని మీద విడిగా ఒక గ్రంథం రాయాలి. ప్రస్తుతానికి ఆ రోజు నేను ఎలాగూ కుడుతున్నదేమిటో మనవి చేస్తాను.

నాకో టాప్ కుట్టుకుందామని చిక్‌పేటలో రెండున్నర మీటర్ల కాటన్ కొన్నాను. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాను. కాటన్ కుదించుకుపోయేదేదో కత్తెర పడకముందే పోవాలి. తర్వాత కుదించుకుపోతే ఆ టాప్ మా చెల్లెలి కూతురికి పోతుంది. నాకు నప్పే పాత టాప్‌ని ఆదిగా పెట్టుకుని, సుద్దతో గీసి, మార్జిన్ వదిలి కత్తిరించాను. చంక దగ్గర మాత్రం ధైర్యం ఎక్కువైంది. చెయ్యి హాయిగా ఆడుతుందని అర ఇంచు కిందికి దించాను.

కుట్టి, తొడుక్కుని, పై అరలో ఉన్న పోపుల డబ్బా కోసం చెయ్యెత్తాను. సురభి నాటకంలో తెర లేచినట్టు టాప్ మొత్తం లేచింది. చంక ఎంత లోతుగా ఉంటే చెయ్యెత్తినప్పుడు టాప్ అంత లాగుతుంది, పైకి ఉంటేనే చెయ్యి ఆడుతుంది. కత్తిరించిన గుడ్డ మళ్లీ అతకదు కాబట్టి భుజాలు విప్పి, ముందూ వెనకా అర ఇంచు ఎక్కువ పట్టి కుట్టాలి. అప్పుడు చంక రౌండ్ ఒక ఇంచు తగ్గిపోతుంది, చెయ్యి అందులో కూర్చోదు, అదీ విప్పాలి. మెడ పైకెక్కి గొంతు పట్టుకుంటుంది, దాన్ని మళ్లీ కత్తిరించాలి, క్రాస్ పట్టీ మళ్లీ వేయాలి. ఇంత అయ్యాక అద్దంలో చూసుకుంటే, భుజంతో పాటు ఛాతీ దగ్గర ఒంపు కోసం మడిచి కుట్టిన డాట్లు కూడా పైకెక్కి ఎటో చూస్తున్నాయి.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి మొదలైన ఈ ఐదు నిమిషాలు బుధవారం రాత్రి పదింటికి పూర్తయ్యాయి. పాత లెక్కలో సరిగ్గా 200 ఘడియలు. మధ్యలో నాలుగు రాహుకాలాలు కూడా వెళ్లాయి.

ఎదురింటావిడ మళ్లీ వస్తే ఇదంతా చెప్పి, ఈ వారం కుదరదమ్మా అన్నాను. "పర్లేదక్కా, మిషన్ ఒక్కటి ఇవ్వండి, మావారు కుట్టేస్తారు" అంది. ఆయన సాఫ్ట్‌వేర్‌లో క్లౌడ్ ఆర్కిటెక్ట్. శనివారం సాయంత్రం ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకునే వచ్చారు, ఎందుకో తెలీదు.

టాప్ చుట్టుకొలత 40, తగ్గాల్సింది రెండు ఇంచులు. ఆయన స్కేలు పెట్టి ఆ వైపు రెండు ఇంచులు లోపలికి ఒక గీత, ఈ వైపు రెండు ఇంచులు లోపలికి ఒక గీత గీశారు. వైపుకి అర ఇంచు చాలండీ, గుడ్డ రెండు పొరలు కదా, రెండు వైపులా కలిపితే రెండవుతుంది అన్నాను. "సింపుల్ అండీ, రెండంటే రెండే" అన్నారు. గట్టిగా ఉండాలని వరస మీద వరస కుట్టారు కూడా.

రెండేసి ఇంచులు, రెండు పొరలు, రెండు వైపులు. మొత్తం ఎనిమిది ఇంచులు పోయి 40 కాస్తా 32 అయింది. ఆవిడ తల దూర్చింది, చేతులు దూర్చింది, అక్కడితో ప్రయాణం ఆగింది. చేతులు రెండూ ఆకాశంలో, మొహం గుడ్డలో, మా హాలు మధ్యలో గుళ్లో ధ్వజస్తంభంలా నిలబడిపోయింది. లోపల్నుంచి "ఏమండీ, లాగండీ" అని వినిపిస్తోంది. ఆయన యూట్యూబ్‌లో వెతుకుతున్నారు. చివరికి నేనూ ఆయనా చెరో వైపూ పట్టుకుని, అరటిపండు తొక్క తీసినట్టు తీశాం.

నవ్వుకున్నాం, బాగుంది. మా రోడ్డు చివర కానుగ చెట్టు కింద మిషన్ పెట్టుకున్న పెద్దాయన దగ్గర మాత్రం నాకు నవ్వు రాదు. రెండు వైపులా పట్టి కుట్టడానికి నలభై రూపాయలంటాడు. "నలభయ్యా? ఐదు నిమిషాల పనికా?" అని మొన్నొకాయన ఇరవైకి బేరమాడాడు. చేతిలో ఉన్న కాఫీ రెండు వందల యాభై. ఆ కాఫీ కలపడానికి ఎన్ని ఘడియలు పట్టిందో అక్కడ అడిగాడా?

2016 ఏప్రిల్‌లో ఈ ఊళ్లోనే గార్మెంట్ ఫ్యాక్టరీల ఆడవాళ్లు వేలమంది రోడ్డెక్కారు. పీఎఫ్‌లో యజమాని వాటా 58 ఏళ్లు వచ్చేదాకా ముట్టుకోకూడదని కేంద్రం రూల్ పెట్టింది. నలభైకే నడుము పడిపోయే ఉద్యోగానికి 58! హోసూరు రోడ్డు ఆగిపోయింది, రూలు రెండు రోజుల్లో వెనక్కి పోయింది. అప్పుడు మా ఆఫీసులో ఒకడు, క్యాబ్ లేటయిందని, "వీళ్లకి పనీపాటా లేదా?" అన్నాడు. ఒరే నాయనా, నీ చొక్కా కాలరు కుట్టింది ఎవరనుకున్నావు? కాలరుకి ఇన్ని సెకన్లు, జేబుకి ఇన్ని సెకన్లు అని గడియారం పట్టి లెక్కగడతారు అక్కడ. గంటకి ఇన్ని ముక్కలని టార్గెట్. తగ్గితే తిట్లు. బాత్‌రూమ్‌కి లేవాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేసేవాళ్లున్నారు. ఐదు నిమిషాలంటే ఎంతో ఈ మహానగరంలో తెలిసింది వాళ్లకే, వాళ్లనే పని లేదా అని అడుగుతావా? ఆ రోజు నేను నోరు మూసుకుని కూర్చున్నాను. అందుకు నా మీద నాకే ఇప్పటికీ మండుతుంది.

సరే, ఆర్కిటెక్ట్ గారి దగ్గరికి వద్దాం. అదనపు గుడ్డ కత్తిరించలేదు కాబట్టి విప్పితే టాప్ బతుకుతుంది. ఇంచుకి పది కుట్లు, వైపుకి ఇరవై ఇంచులు, రెండేసి వరసలు. మొత్తం 800 కుట్లు. ఒక పాత బ్లేడు చేతిలో పెట్టి, గుడ్డ తెగకుండా ఒక్కొక్కటీ తీయండి అన్నాను. రాత్రి తొమ్మిదైనా ఒక వైపు సగం దాటలేదు. టీ అడిగారు, ఇచ్చాను. కళ్లజోడు తుడుచుకున్నారు. మిగతాది ఇంట్లో చూసుకుంటానని టాప్ మడిచి ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టుకుని వెళ్లారు.

సోమవారం లిఫ్ట్‌లో కనిపించారు. చూపుడు వేలికి బ్యాండ్‌ఎయిడ్.

"ఆ చెట్టు కింద టైలర్ ఎంత తీసుకుంటాడండీ?"

"నలభై."

కాసేపు ఆలోచించారు.

"విప్పడం కూడా అందులోనే కదా?"