ఫొటో పెట్టడం దర్యాప్తు కాదు

ఎస్పీ ఆఫీసు కాన్ఫరెన్స్ హాలు. బల్ల మీద వరసగా పేర్చిన సెల్‌ఫోన్లు, ఒక కత్తి, గోధుమరంగు టేపు చుట్టిన గంజాయి పొట్లాలు. బల్ల వెనక కుర్చీల్లో అధికారులు. వాళ్ల వెనక గోడ పక్కన నిలబెట్టిన నలుగురైదుగురు కుర్రాళ్లు, నెత్తిన నల్ల మంకీ క్యాపులు. తెలుగు రాష్ట్రాల్లో ఏ జిల్లాకు వెళ్లినా పోలీసు ప్రెస్‌మీట్ ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఒకప్పుడు ఈ ఫొటో మర్నాడు జిల్లా ఎడిషన్‌లో ఓ మూల వచ్చి, రెండు రోజులకు జనం మర్చిపోయేవారు. ఇప్పుడు ప్రెస్‌మీట్ ముగిసీ ముగియకముందే పోలీసు శాఖ సొంత ఫేస్‌బుక్ పేజీకి, ఎక్స్ ఖాతాకు ఎక్కుతోంది. కొన్నిచోట్ల బీజీఎం తగిలించిన రీల్ అవుతోంది. మంకీ క్యాపు ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. కింద కామెంట్లలో తీర్పులు అప్పటికే వచ్చేసి ఉంటాయి.

అరెస్టు సంగతి పోలీసులు చెప్పి తీరాలి. అందులో మాకు రెండో మాట లేదు. కానీ కోర్టు దోషిగా తేల్చని మనిషి మొహాన్ని ప్రభుత్వ ముద్ర ఉన్న పేజీలో పెట్టడం సమాచారం ఇవ్వడం కిందికి రాదు. అది శిక్ష. విచారణ లేకుండా, అప్పీలు లేకుండా, గడువు లేకుండా పడే శిక్ష.

ఈ మాట కొత్తది కాదు. కేంద్ర హోంశాఖ 2010 ఏప్రిల్ 1నే పోలీసు శాఖల మీడియా విధానంపై రాష్ట్రాలకు సలహాపత్రం పంపింది. అరెస్టయిన వాళ్లను మీడియా ముందు ఊరేగించొద్దని, సాక్షులు నిందితుణ్ని గుర్తుపట్టే గుర్తింపు పరేడ్ జరగాల్సిన వాళ్ల మొహాలు బయటపెట్టొద్దని, తీర్పులిచ్చినట్టు మాట్లాడొద్దని అందులో ఉంది. ఇంకో ముఖ్యమైన సంగతీ ఉంది. కేసు నమోదు, అరెస్టు, చార్జిషీటు, చివరి ఫలితం అనే దశల్లో మామూలుగా వివరాలు చెప్పొచ్చని, శిక్ష పడినా కేసు కొట్టేసినా అది చివరి ఫలితమేనని పేర్కొంది. పదిహేనేళ్లు దాటింది. మొదటి రెండు దశలకు ప్రెస్‌మీట్లకు కొదవ లేదు. శిక్ష పడితే ఓ పోస్టు వస్తుంది. నిందితుడు నిర్దోషిగా బయటపడ్డాడని చెప్పడానికి పూలకుండీలు సర్ది, మైకులు పెట్టి విలేకరులను పిలిచిన అధికారి మాకైతే తగల్లేదు. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ వ్యవహారాన్ని మళ్లీ పట్టించుకుంది. పోలీసు మీడియా సమావేశాలకు సమగ్రమైన మాన్యువల్ తయారుచేయమని హోంశాఖను ఆదేశించింది. మీడియా విచారణలకు ఊతమిచ్చేలా పోలీసుల వెల్లడి ఉండకూడదన్నది ఆ ఆదేశం సారాంశం.

హైదరాబాద్‌కే సంబంధించిన ఒక పాత వ్యవహారం చూడండి. 2014లో బంజారాహిల్స్‌లోని ఒక హోటల్లో వ్యభిచారం కేసు అంటూ ఒక సినీ నటిని పట్టుకున్నారు. గంటల్లో ఆమె పేరు, ఫొటోలు దేశమంతా పాకాయి. కుటుంబాన్ని పోషించడానికి దారి లేక ఈ పని చేశానని ఆమె ఒప్పుకున్నట్టు ఓ ప్రకటన కూడా చక్కర్లు కొట్టింది. తర్వాత ఆమె తాను అలాంటి ప్రకటనేదీ ఇవ్వలేదని స్పష్టంగా చెప్పింది. రెండు నెలల పాటు రెస్క్యూ హోంలో గడిపింది. ఆ ఏడాది డిసెంబరులోనే కోర్టు ఆమెకు క్లీన్‌చిట్ ఇచ్చింది. మరి ఆ కేసులో విటుడని చెప్పిన పెద్దమనిషి పేరేమిటి? ఫొటో ఏది? ఆయన పేరు గుట్టుగానే ఉండిపోయింది. అంటే గోప్యత ఎలా కాపాడాలో వ్యవస్థకు తెలియక కాదు, ఎవరిది కాపాడాలో అనేదగ్గరే తేడా వచ్చింది. పదేళ్లు గడిచినా ఆమె పేరుతో వెతికితే ఆ అరెస్టు వార్తలు ఇప్పటికీ వస్తాయి. ఆమెకు పేరుంది, మైకు దొరికింది, తన వాదన చెప్పుకోగలిగింది. ఆ వసతి లేని వాళ్ల సంగతేమిటి?

విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరులో బీఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. మరుసటి ఏడాది ఆగస్టులో ఒక పేద యువకుణ్ని పట్టుకుని, ఇతనే హంతకుడని పోలీసులు ప్రకటించారు. 2010లో కింది కోర్టు యావజ్జీవం వేసింది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు ఆ శిక్షను కొట్టేసి, అతనికి లక్ష రూపాయల పరిహారం ఇవ్వమంది, దర్యాప్తు తీరును తప్పుపట్టింది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచాయి. అతన్ని పట్టుకున్న 2008 నాటికి పోలీసు శాఖకు ఫేస్‌బుక్ పేజీల్లేవు. అయినా ఆ కుర్రాడి మొహం తెలియని తెలుగువాడు లేడన్నంతగా తెలిసింది. ఈ రోజుల్లో అయితే ఎన్ని లక్షల షేర్లు పడేవో ఊహించుకోవచ్చు.

పెద్ద కేసుల సంగతి పక్కనపెడదాం. రోజూ జిల్లాల్లో విడుదలయ్యే ప్రెస్‌నోట్ తిరగేయండి. ఏ1, ఏ2 అని వరస నంబర్లు, పక్కనే పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి, ఊరు, ఇంటి నంబరు, కొన్నిటిలో కులం కూడా. ఇన్ని రాశాక మొహానికి మంకీ క్యాపు తొడిగితే ఎవరికి దాచినట్టు? ఆ ఊళ్లో టీకొట్టు దగ్గర అందరికీ తెలిసిపోతుంది. ఈ మధ్య సైబర్ మోసాల కేసుల్లో పట్టుబడుతున్న వాళ్లలో చాలామంది తమ బ్యాంకు ఖాతాను, సిమ్‌ను కమీషన్‌కు ఇచ్చిన కుర్రాళ్లు. వాళ్లు చేసింది తప్పే, కొందరు తెలిసే చేశారు. అసలు సూత్రధారి ఏ కంబోడియాలోనో ఉంటాడు. పోస్టులో మాత్రం 'అంతర్రాష్ట్ర ముఠా గుట్టు రట్టు' అన్న అక్షరాల కింద కనిపించేది డిగ్రీ రెండో ఏడాది చదివే పిల్లాడి మొహం. ఆ తర్వాత బెయిలొస్తుంది, చార్జిషీట్లో అతని పాత్ర చిన్నదని తేలవచ్చు, సాక్షిగానూ మారవచ్చు. ఉద్యోగానికి వెళితే హెచ్‌ఆర్ వాళ్లు పేరు కొట్టి చూస్తారు. సంబంధం చూసేవాళ్లు కూడా అంతే. నిప్పు లేనిదే పొగ వస్తుందా అని పెద్దమనుషులు తేల్చేస్తారు.

ఇక్కడ చట్టంలో ఒక విడ్డూరం ఉంది. 2022లో తెచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం ప్రకారం అరెస్టయిన వాళ్ల వేలిముద్రలు, ఫొటోలు తీసి 75 ఏళ్ల పాటు దాచుకోవచ్చు. పౌరహక్కుల సంఘాలు ఆ చట్టాన్ని తీవ్రంగా విమర్శించాయి. అంత కఠినమైన చట్టం కూడా ఒక మాట చెప్పింది: గతంలో ఏ కేసులోనూ శిక్ష పడని మనిషి విచారణ లేకుండా విడుదలైనా, కోర్టు నిర్దోషి అన్నా, పై కోర్టుల దారులన్నీ ముగిశాక ఆ రికార్డులు నాశనం చేయాలి, కోర్టు కారణాలు రాసి వద్దంటే తప్ప. అంటే బీరువాలో తాళం వేసి దాచిన ఫొటోను చింపేయాలని చట్టం. అదే ఫొటో పోలీసుల ఫేస్‌బుక్ పేజీలో ఉంటే? దాన్ని తీసేసే బాధ్యత ఎవరిదో చెప్పే కాగితం లేదు. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పారు. హక్కుకు కోత పెట్టాలంటే చట్టం ఉండాలి, అవసరం ఉండాలి, ఆ కోత అవసరానికి మించకూడదు. రీల్ పెట్టమని ఏ చట్టం చెప్పింది? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నేరాల దర్యాప్తుకు మినహాయింపులిచ్చింది, నిజమే. లైకులు దర్యాప్తులో భాగం కావు.

పోలీసుల వైపు నుంచి వినిపించే వాదనలు కొట్టిపారేయదగ్గవి కావు. మొదటిది, ఫొటో చూసి మిగతా బాధితులు ముందుకొస్తారన్నది. చిట్టీల మోసాల్లో, నకిలీ ఉద్యోగాల దందాల్లో, పెళ్లి పేరుతో వలవేసే కేసుల్లో ఇది జరుగుతుంది. అయితే చాలావాటిలో ఫలానా సంస్థ పేరుతో, ఫలానా ఫోన్ నంబరుతో, ఫలానా పద్ధతిలో డబ్బులు తీసుకున్నారని చెబితే బాధితులు గుర్తుపట్టేస్తారు. పేరు మార్చుకుని తిరిగే మోసగాడి విషయంలో మొహమే ఆధారమైతే అక్కడ మినహాయింపు ఇవ్వొచ్చు. రెండోది, భయం ఉండాలన్నది. గంజాయి అమ్మేవాడికి అరెస్టు భయం లేదుగానీ ఫేస్‌బుక్ భయం ఉంటుందనుకోవడం మాకు నమ్మబుద్ధి కావడం లేదు. ఆ భయం నిజంగా పట్టుకునేది వాళ్ల అమ్మనూ, పెళ్లికెదిగిన చెల్లెల్నీ. మూడోది, పోలీసులు పని చేస్తున్నారని జనానికి తెలియాలన్నది. తెలియాలి. రికవరీ చేసిన బంగారాన్ని, బల్ల మీది సెల్‌ఫోన్లను ఎన్ని ఫొటోలైనా తీసి పెట్టండి, బాధితులకు తిరిగి అప్పగిస్తున్న ఫొటో పెడితే ఇంకా మంచిది.

పైగా ఈ ఫొటోల వల్ల నష్టపోయేది ప్రాసిక్యూషనే. గొలుసు దొంగతనం కేసును తీసుకోండి. బాధితురాలు దొంగను రెండు క్షణాలు చూసి ఉంటుంది. అతన్ని జైల్లో మేజిస్ట్రేట్ సమక్షంలో, అదే వయసు, అదే రూపు ఉన్న మరికొందరి మధ్య నిలబెట్టి గుర్తుపట్టమంటారు. దాన్నే గుర్తింపు పరేడ్ అంటాం. ముందురోజే ఆమె ఫోన్లో అతని ఫొటో తిరిగి ఉంటే ఆ పరేడ్‌కు విలువేముంది? డిఫెన్స్ లాయరు ఆ పోస్టును ప్రింట్ తీసి జడ్జి ముందు పెడతాడు. ఇలాంటి గుర్తింపును నమ్మలేమని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. నెలల తరబడి సీసీ కెమెరాలు వెతికి పట్టుకున్న కానిస్టేబుల్ కష్టం ఒక్క పోస్టుతో గంగపాలు.

ఇంకో వాదన పోలీసుల నుంచి కాదు, హక్కుల గురించి మాట్లాడేవాళ్ల నుంచే వస్తుంది. అది మాకు బలమైనదిగా తోస్తుంది. ఈ నేలమీద మనుషుల్ని ఇంట్లోంచి తీసుకెళ్లి, అరెస్టు చూపకుండా రోజుల తరబడి ఉంచిన చరిత్ర ఉంది. తీసుకెళ్లిన మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్లు వేసి వేసి అలసిపోయిన కుటుంబాలున్నాయి. ఫొటో బయటికొస్తే కనీసం మనిషి బతికి ఉన్నాడని, కస్టడీలో ఉన్నాడని లోకానికి తెలుస్తుంది కదా అన్నది ఆ వాదన. నిజమే. కానీ దానికి కావలసింది పేరు, అరెస్టు చేసిన సమయం, చోటు, ఏ స్టేషన్లో ఉంచారన్న వివరం. 1996 నాటి సుప్రీంకోర్టు డీకే బసు తీర్పు అరెస్టు మెమో, దానిమీద సాక్షి సంతకం, బంధువులకు కబురు తప్పనిసరి చేసింది. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 37వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసింది. ప్రతి స్టేషన్లో ఏఎస్సైకి తగ్గని అధికారి ఒకరు అరెస్టయిన వాళ్ల పేర్లు, చిరునామాలు, ఆరోపించిన నేరం నమోదు చేసి, స్టేషన్లోనూ జిల్లా కేంద్రంలోనూ అందరికీ కనపడేలా, డిజిటల్‌గానైనా సరే, ప్రదర్శించాలంది. ఎన్ని స్టేషన్ల గోడలకు ఆ బోర్డు ఉందో పాఠకులు ఈసారి వెళ్లినప్పుడు చూడాలి. ఆ సెక్షన్లో ఫొటో అన్న మాటే లేదు. చట్టం చెయ్యమన్న బోర్డును వదిలేసి, చట్టం అడగని రీల్‌కు ఎస్సై స్థాయిలో మనుషుల్ని కేటాయించడం ఏ ప్రాధాన్యం?

మైనర్ల విషయంలో మొహమాటానికి చోటే లేదు. చట్టంతో ఘర్షణ పడిన బాలల గుర్తింపు బయటపెడితే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. చిక్కేమిటంటే, ప్రెస్‌మీట్ రోజుకు వయసు తేలి ఉండదు. 2019 దిశ కేసులో ఎన్‌కౌంటర్‌లో చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లేనని సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ తర్వాత తేల్చింది. అప్పటికి వాళ్ల మొహాలు దేశమంతా చూసేసింది. ఆ కేసులోనే బాధితురాలి పేరూ ఫొటో చేతులు మారాక, ఇకమీదట దిశ అని పిలవండని పోలీసులే విజ్ఞప్తి చేయాల్సి వచ్చింది. లాడ్జీ దాడుల్లో చున్నీలు మొహానికి అడ్డం పెట్టుకుని పరుగెత్తే ఆడవాళ్ల వీడియోలు ఇంకో రకం. వాళ్లలో చాలామందిని చట్టమే బాధితులుగా చూస్తుంది.

బయటి దేశాల్లోనూ ఇదే తర్జనభర్జన నడిచింది. అమెరికాలో అరెస్టు ఫొటోలు అమ్ముకునే వెబ్‌సైట్లే పుట్టుకొచ్చాక, కాలిఫోర్నియా 2022 నుంచి హింస లేని నేరాల్లో అరెస్టయిన వాళ్ల ఫొటోలను పోలీసులు సోషల్ మీడియాలో పెట్టకుండా చట్టం చేసింది, కొన్ని మినహాయింపులతో. చార్జి పెట్టకముందు దర్యాప్తు ఎదుర్కొంటున్న మనిషికి సాధారణంగా గోప్యత ఉంటుందని 2022లోనే బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ పోలీసులు 'ముప్ఫై ఏళ్ల వ్యక్తిని అరెస్టు చేశాం' అని ఊరుకుంటారు.

పత్రికలు, చానళ్లు, యూట్యూబర్లు ఈ గొడవలోంచి తప్పించుకోలేరు. పోలీసుల వాట్సాప్ గ్రూపులో పడిన ఫొటోను ఐదు నిమిషాల్లో థంబ్‌నెయిల్ చేసే పోటీ నడుస్తోంది. పోలీసులే ఇచ్చారు కదా అన్నది ఎప్పుడూ సిద్ధంగా ఉండే సమాధానం. అందుకే కుళాయిని మొదట్లోనే, అంటే పోలీసుల దగ్గరే, కట్టేయాలి అంటున్నాం.

రెండు తెలుగు రాష్ట్రాల డీజీపీలూ శాఖ అంతా పాటించాల్సిన స్టాండింగ్ ఆర్డర్ ఇస్తే చాలు, అసెంబ్లీ దాకా పోనక్కర్లేదు. శిక్ష పడేదాకా నిందితుణ్ని గుర్తుపట్టగలిగే ఫొటో, వీడియో ఏ అధికారిక ఖాతాలోనూ, విలేకరుల గ్రూపులోనూ పెట్టకూడదు. ప్రెస్‌నోట్‌లో కులం, ఇంటి నంబరు, తండ్రి పేరు అక్కర్లేదు. పరారీలో ఉన్నవాణ్ని పట్టుకోవడానికో, ఎవరి ప్రాణానికైనా ముప్పుంటేనో, మొహం తప్ప మరో దారిలేని మోసం కేసులోనో ఎస్పీ లేదా కమిషనర్ కారణం రాసి సంతకం పెడితేనే ఫొటో బయటికి రావాలి, పని అయిపోగానే తీసేయాలి. పెట్టిన పోస్టుకు బాధ్యుడైన అధికారి పేరు ఫైల్లో ఉండాలి. కేసు కొట్టేస్తే, అరెస్టును ప్రకటించిన అదే పేజీలో ఆ సంగతీ ప్రకటించాలి.

ఇక ఇప్పటికే ఉన్నవి. జిల్లా పేజీల్లో ఏళ్ల తరబడి పేరుకుపోయిన పోస్టుల్లో మైనర్లవి, లాడ్జీ దాడుల్లో ఆడవాళ్లవి ముందు తీసేయాలి. తర్వాత కోర్టు ఫలితాలతో సరిచూసి, కేసు వీగిపోయిన వాళ్లవి తొలగించాలి. స్టేషన్ కోర్టు కానిస్టేబుల్ దగ్గర ఆ వివరాలన్నీ రిజిస్టర్లో ఉంటాయి. తన ఫొటో తీసేయమని తీర్పు కాపీతో వచ్చినవాణ్ని సైబర్ సెల్‌కూ, అక్కణ్నుంచి పీఆర్వో దగ్గరికీ తిప్పకుండా, దరఖాస్తు తీసుకుని రసీదిచ్చే టేబుల్ ఒకటి ప్రతి ఎస్పీ ఆఫీసులో వచ్చే నెల నుంచైనా పెట్టాలి.