డివిజన్లు తీసేశారు సరే, షెడ్యూల్ సంగతేంటి?

అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్‌లో యూనివర్సిటీ జట్లు కాన్ఫరెన్స్‌లు అనే కూటములుగా ఆడతాయి. పెద్ద కాన్ఫరెన్స్‌లలో ఒక్కోదాన్నీ రెండు డివిజన్లుగా చీల్చి, ఆ రెండింటి విజేతలకు ఫైనల్ పెట్టే పద్ధతి పోవడం మంచికే జరిగింది. ఏసీసీ (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్)లో డివిజన్లు ఉన్నన్నాళ్లూ మా నార్త్ కరోలినా రాష్ట్ర జట్లు యూఎన్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా), వేక్ ఫారెస్ట్ చెరో వైపు పడి, ఏళ్ల తరబడి ఎదురుపడేవే కావు. మధ్య దూరం గంటన్నర కూడా ఉండదు. రెండూ 1953లో ఆ కాన్ఫరెన్స్‌ను మొదలుపెట్టిన జట్లే. చివరికి 2019లో, 2021లో కాన్ఫరెన్స్ లెక్కలోకి రాని మ్యాచ్‌లు సొంతంగా పెట్టుకున్నాయి. ఒకే కాన్ఫరెన్స్ వాళ్లు బయటి జట్లలా ఆడుకోవాల్సి రావడం ఏంటండీ! బిగ్ టెన్ అనే మరో కాన్ఫరెన్స్‌లో అయితే ఈస్ట్, వెస్ట్ డివిజన్లు ఉన్న 2014 నుంచి 2023 దాకా పది ఫైనళ్లూ ఈస్ట్ జట్లే గెలిచాయి. ఒహైయో స్టేట్, మిషిగన్, పెన్ స్టేట్ మూడింటినీ ఒకే వైపు పెడితే ఇంకేమవుతుంది?

కానీ డివిజన్లు తీసేసి, పట్టికలో మొదటి రెండు జట్లకు ఫైనల్ పెట్టి చేతులు దులుపుకుంటే సరిపోదు. 2025లో ఏసీసీలో 17 జట్లు, ఒక్కోదానికి 8 కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు. సగం జట్లతో ఆటే లేదు. రెండో స్థానంలో ఐదు జట్లు 6-2తో (ఆరు గెలుపులు, రెండు ఓటములు) సమంగా నిలిచాయి. మొత్తం సీజన్‌లో 10-2తో ఉన్న మయామీ ఇంట్లో కూర్చుంది, 7-5తో ఉన్న డ్యూక్ ఫైనల్‌కి వెళ్లింది. డ్యూక్, మయామీ ఆ సీజన్‌లో అసలు తలపడలేదు. ఆ ఐదింటిలోనే ఉన్న జార్జియా టెక్, డ్యూక్‌ని దాని సొంత ఊరు డర్హమ్‌లోనే ఓడించింది కూడా! అయినా ప్రత్యర్థుల గెలుపు శాతాలు లెక్కగట్టి డ్యూక్‌ని పంపారు. డ్యూక్ టైటిల్ గెలిచింది, ఆ కుర్రాళ్లను ఒక్క మాట అనను. తప్పు షెడ్యూల్‌ది.

ఎస్‌ఈసీ (సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్) 2026 నుంచి పెట్టిన పద్ధతి నాకు నచ్చింది. తొమ్మిది మ్యాచ్‌లు, ఏటా మారని ప్రత్యర్థులు ముగ్గురు, మిగతా ఆరు మారుతుంటాయి. అక్కడ నాలుగేళ్లు చదివే పిల్లలు మిగతా ప్రతి జట్టునీ సొంత స్టేడియంలో ఒక్కసారైనా చూస్తారు. మా రాష్ట్రంలోని కేరీ, మోరిస్‌విల్ ఊళ్ల నుంచి ఏసీసీ యూనివర్సిటీలకు వెళ్లే మన తెలుగు పిల్లలకూ ఆ భాగ్యం దక్కాలి.

దానికి ఇంకొకటి కలపాలి. నవంబర్ మధ్యలో ఒక వారం ఖాళీగా ఉంచి, పట్టికలో పైనున్న జట్లలో అప్పటిదాకా ఎదురుపడనివాటికి మ్యాచ్ పెట్టాలి. టికెట్లు, ప్రయాణాల టెన్షన్ అంటారా, ఆ వారం ఎవరు సొంత మైదానంలో ఆడాలో, ఎవరు బయటికెళ్లాలో వేసవిలోనే చెప్పేయొచ్చు. ప్రత్యర్థి ఎవరన్నది మాత్రమే తర్వాత తేలుతుంది.