నోటీసు బోర్డు మీద లేని కాగితం

మా పత్రిక ఆఫీసు మెట్లు ఎక్కగానే ఎడమ చేతి వైపు ఒక నోటీసు బోర్డు ఉంటుంది. ఈ వారం పనిగట్టుకుని దాని ముందు నిలబడి చదివాం. పండగ సెలవుల జాబితా, పీఎఫ్ సర్క్యులర్, గేటుకు అడ్డంగా బైకులు పెట్టొద్దన్న హెచ్చరిక, మహిళల ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లు (వారిలో ఒకరు ఉద్యోగం మానేసి ఏడాది దాటింది), ఎవరో మరిచిపోయిన హెల్మెట్ గురించి చేతిరాతతో ఒక చీటీ. ఉండాల్సిన ఇంకో కాగితం మాత్రం లేదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఇక్కడ అందరితో సమానంగా అవకాశం ఉంటుందని, వివక్ష ఎదురైతే ఫలానా వారికి ఫిర్యాదు చేయవచ్చని చెప్పే కాగితం అది. ఊరికి చెప్పబోయే ముందు మన ఇంటి సంగతి చూసుకోవాలి కదా, అందుకే మొదట ఈ ఒప్పుకోలు.

ఆ కాగితం పెట్టడం దయాధర్మం కాదు, చట్టం. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణకు పార్లమెంటు 2019లో చేసిన చట్టం 2020 జనవరి 10న అమల్లోకి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో నిబంధనలు వచ్చాయి. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు, ప్రమోషన్ ఇచ్చేటప్పుడు వివక్ష చూపకూడదని చట్టం చెబుతోంది. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ఒకటి రాసుకుని అందరికీ కనపడేలా పెట్టాలి. ఫిర్యాదులు తీసుకోవడానికి ఒక అధికారిని నియమించాలి. ఆ అధికారి 15 రోజుల్లో విచారణ జరపాలి. సంస్థ అంటే సర్కారు ఆఫీసో, పెద్ద కంపెనీయో మాత్రమే అనుకుంటే పొరపాటు. ట్రస్టు, సహకార సంఘం, నలుగురు భాగస్వాములు పెట్టుకున్న ఫర్మ్, చదువులు చెప్పే విద్యాలయం, అన్నీ అందులోకే వస్తాయి. 'మాది చిన్న ఆఫీసు కదా' అని తప్పించుకోవడానికి సందు ఉందేమోనని మేమూ వెతికాం. లేదు.

తిరుపతి బతికేదే సంస్థల మీద. కొండ మీద, కొండ కింద దేవస్థానం. 1954లో మొదలైన వెంకటేశ్వర విశ్వవిద్యాలయం నుంచి 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్ దాకా ఎన్నో చదువుల సంస్థలు. రుయా, స్విమ్స్ ఆసుపత్రులు. రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు, తడ వైపు శ్రీసిటీ పారిశ్రామికవాడ, చిత్తూరు చుట్టూ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు. ఇక బస్టాండు నుంచి ఏ వైపు నడిచినా లాడ్జీలే. వీటిలో ఎక్కడ పనిచేస్తున్న పాఠకులైనా రేపు ఉదయం డ్యూటీ ఎక్కే ముందు తమ బోర్డు ఒకసారి చూసుకోవాలని కోరుతున్నాం.

లాడ్జీ సంగతి కాస్త ఆగి చెప్పుకోవాలి. ఈ ఊళ్లో కొత్తవాళ్లకు మొదట ఎదురయ్యేది లాడ్జీ కౌంటరే. దర్శనానికి వచ్చిన ఒక ట్రాన్స్ మహిళ మాకు చెప్పిన విషయం ఇది. రాత్రి పది దాటింది. ఆధార్ కార్డు ఇచ్చారు. కౌంటర్‌లో కుర్రాడు దాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, ఫొటో చూసి, తలెత్తి ఆమె చీర చూసి, మళ్లీ ఫొటో చూశాడు. "రూములు లేవు" అన్నాడు. అతని వెనక బోర్డుకు ఇత్తడి బిళ్లలతో తాళంచెవులు వేలాడుతూనే ఉన్నాయి. ఆమె వాటి వైపు చూడటం గమనించి, "నాకేం లేదక్కా, ఓనర్ని అడగాల" అన్నాడట. ఆ కుర్రాణ్ని తప్పుపట్టలేం. అక్కా అనైతే అన్నాడు. అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు, అదీ అసలు లోపం. కార్డులో పేరు ఒకటి, మనిషి రూపం ఇంకొకటి అయితే ఏం చేయాలో ఓనరు రెండు ముక్కలు రాసి కౌంటర్ అద్దం కింద పెట్టి ఉంటే, ఆమె ఆ రాత్రి బస్టాండు బెంచీ మీద తెల్లవార్చాల్సి వచ్చేది కాదు.

ఏ వివక్షనైనా ఇలా దగ్గరికి వెళ్లి చూస్తే సగం ఇలాంటిదే. ద్వేషం కన్నా తెలియనితనం ఎక్కువ, దాన్ని మించి 'నాకెందుకొచ్చిన టెన్షన్' అనే జంకు. దరఖాస్తులో ఆడ, మగ అని రెండే గళ్లు. హాజరు పట్టీలో పాత పేరు. రెండు టాయిలెట్లలో దేనికి పోయినా ఎవరో ఒకరి చూపు. నర్సు వార్డులో నలుగురి ముందు గట్టిగా చదివే పేరు. వీటిలో ఏ ఒక్కదాన్ని సరిచేయడానికీ కోట్లు అక్కర్లేదు. పేరు మార్చడానికి ఒక పూట కంప్యూటర్ పని, ఒక టాయిలెట్‌కు లోపల గడియ, తలుపు మీద 'ఎవరైనా వాడుకోవచ్చు' అనే బోర్డు చాలు.

తెలియనితనం ముదిరితే ఏమవుతుందో సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో ఇచ్చిన తీర్పులో ఉంది. ఒక ట్రాన్స్ టీచరు ఉత్తరప్రదేశ్‌లో ఒక స్కూలు ఉద్యోగం పోగొట్టుకున్నారు. గుజరాత్‌లో ఇంకో స్కూలు ఉద్యోగం ఇస్తామని చెప్పి, ఆమె ఎవరో తెలిశాక వెనక్కి తగ్గింది. కోర్టు ఆమెకు పరిహారం ఇప్పించడంతో ఆగలేదు. చట్టం చేసి ఇన్నేళ్లయినా అమలు చేయలేదని కేంద్రాన్నీ రాష్ట్రాలనూ తప్పుపట్టింది. సమాన అవకాశాల విధానం ఎలా ఉండాలో తయారుచేయడానికి ఢిల్లీ హైకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ ఆశా మీనన్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. వీధికో స్కూలు, సందుకో కోచింగ్ సెంటర్ ఉన్న మన ఊరికి ఇది పరాయి కథ కాదు. సబ్జెక్టు బాగా చెప్పే లెక్చరరు దొరకడం లేదని యాజమాన్యాలు మాతో వాపోతుంటాయి. దరఖాస్తు చేసినవారిలో ఎవరిని ఇంటర్వ్యూకు పిలవకుండానే పక్కన పెట్టారో కూడా ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఉద్యోగం ఇస్తే సరిపోతుందా అంటే, దానికి కొచ్చి చెప్పిన పాఠం ఉంది. 2017లో కొచ్చి మెట్రో ఇరవై మందికి పైగా ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను ఒకేసారి ఉద్యోగంలోకి తీసుకుంది. దేశమంతా మెచ్చుకుంది, మేమూ రాసే ఉంటాం. రోజుల వ్యవధిలోనే వారిలో ఎనిమిది మంది మానేశారు. ఊళ్లో ఎవరూ ఇల్లు అద్దెకివ్వలేదు. లాడ్జీలో ఉంటే రోజు అద్దెకే జీతం సరిపోవడం లేదు. 'ఫ్యామిలీకి మాత్రమే' అని టు-లెట్ బోర్డు మీద రాసే మన కాలనీల్లో దీన్ని ఊహించడం కష్టమేమీ కాదు. కాబట్టి ఉద్యోగం ఇచ్చే సంస్థ హాస్టల్‌లో ఒక గదో, ఇంటి యజమానికి మేనేజరు చేసే ఒక ఫోన్ కాలో ఆ ఉద్యోగంలో భాగమే అనుకోవాలి.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదనలేం. రాష్ట్రంలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు నెలకు 4,000 రూపాయల పింఛను వస్తోంది. మంచిదే. కానీ పాతికేళ్ల వయసులో డిగ్రీ చేతిలో పెట్టుకున్న మనిషికి కావాల్సింది పింఛనా, జీతమా? 2011 జనాభా లెక్కల్లో ఆడ, మగ కాక 'ఇతరులు'గా నమోదైనవారు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. చెప్పుకోవడానికి భయపడి అలా రాయించుకోనివారి సంగతి వేరే చెప్పాలా. హైదరాబాద్‌లో 2024 డిసెంబరులో 39 మందిని ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. అంతకుముందు ఏ సిగ్నల్ దగ్గర చేయి చాచారో అక్కడే చేయి ఎత్తి బండ్లు ఆపుతున్నవారూ వారిలో ఉన్నారు. రేణిగుంట నుంచి కాట్పాడి వెళ్లే రైల్లో డబ్బులు అడుగుతారని, గృహప్రవేశాలకు వచ్చి ఇబ్బంది పెడతారని మాకు ఉత్తరాలు వస్తుంటాయి. ఆ ఇబ్బంది లేదని మేం అనం. పని అడిగితే ఇవ్వం, అడుక్కుంటే ఊరుకోం అనడం మాత్రం న్యాయం కాదు. ఈ విషయంలో పత్రికల పాపమూ ఉంది. 'హిజ్రాల హల్‌చల్' అని హెడ్డింగు పెట్టడానికి మాకు అర నిమిషం పట్టేది. సరిహద్దు దాటితే తమిళంలో 'తిరునంగై' అనే మర్యాదైన మాట వాడుకలోకి వచ్చింది, 2008లోనే అక్కడ సంక్షేమ బోర్డు ఏర్పడింది. మన దగ్గర 'తేడా' అన్న మామూలు మాటను కూడా వెటకారానికి వాడుకుంటున్నాం.

ఇప్పటిదాకా కంటికి కనపడేవారి గురించి చెప్పాం. కనపడనివారు అంతకన్నా ఎక్కువ. గే, లెస్బియన్, బైసెక్సువల్ ఉద్యోగులు మీ సెక్షన్‌లోనే, మీ పక్క కుర్చీలోనే ఉండొచ్చు. వారికి రోజూ తగిలే ముల్లు ఒకటే ప్రశ్న: "పెళ్లెప్పుడు?" క్యాంటీన్‌లో, లిఫ్టులో, అప్రైజల్ మీటింగులో కూడా. శుక్రవారం రాత్రి బెంగళూరు నుంచి తిరుపతి వచ్చే బస్సుల్లో మన పిల్లలు ఎందరో ఉంటారు. అక్కడి ఆఫీసులో తన స్నేహితుడి గురించి మామూలుగా మాట్లాడే కుర్రాడు పలమనేరు దాటేసరికి ఫోన్ వాల్‌పేపర్ మార్చేస్తాడు. జీతం తక్కువైనా సొంతూళ్లో ఉండాలని ఉన్నా, తిరిగి రాకపోవడానికి ఇది కూడా ఒక కారణమేనని ఇక్కడి కంపెనీల హెచ్ఆర్ వాళ్లకు ఎవరు చెబుతారు?

చట్టం వీరి వైపు కొంత దూరం నడిచింది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377 సెక్షన్ ఇష్టపడి కలిసుండే వయోజనులకు వర్తించదని తేల్చింది. పెళ్లి హక్కు మాత్రం 2023 అక్టోబరులో ఇవ్వలేదు. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2024 డిసెంబరులో, తన తోడును తాను ఎంచుకునే హక్కు ఒక యువతికి ఉందని, ఆమె మరో యువతితో కలిసి ఉండవచ్చని చెప్పింది. అదే కోర్టు 2025 జూన్‌లో ట్రాన్స్ మహిళ మహిళేనంది. అలాంటప్పుడు ఆఫీసులో మహిళల కమిటీ ఒక ట్రాన్స్ మహిళ ఫిర్యాదు తీసుకోవడానికి తటపటాయించే పనేముంది? బ్యాంకు జాయింట్ ఖాతాకు, నామినీగా భాగస్వామి పేరు రాయడానికి అడ్డేమీ లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టులోనే స్పష్టం చేసింది. ఈ మాట ఊళ్లోని ప్రతి బ్రాంచిలో కౌంటర్ దగ్గర కూర్చున్న ఉద్యోగి దాకా చేరిందో లేదో మేనేజర్లు కనుక్కోవాలి. నామినీ గడిలో ఎవరి పేరు రాసినా కారణం అడగని కౌంటర్ ఉంటే చాలు, ఉపన్యాసాలు అక్కర్లేదు.

"ఇవన్నీ సిటీ పోకడలు, మన సంప్రదాయం వేరు" అనేవారు ఉంటారు. ఎవరి ముందు అంటున్నారో చూసుకోవాలి. ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు చాటింపు వేసిన దగ్గర్నుంచి ఈ ఊరి మగవాళ్లు చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టి మొక్కు తీర్చుకుంటారు. ఆడవాళ్లను చెరిచిన పాలెగాణ్ని అమ్మవారు వేషాలు మార్చి మార్చి వెతికి, దొర వేషంలో వచ్చి నరికిందని కథ. బ్రహ్మోత్సవాల ఐదో రోజు ఉదయం మలయప్ప స్వామి మోహినిగా మాడ వీధుల్లోకి వస్తే చేతులెత్తి మొక్కుతాం. వీటిని చూపించి 'మా ఊరు ఎప్పుడో మారింది' అని జబ్బలు చరుచుకోవడానికి మేం ఒప్పుకోం. మొక్కు తీరగానే చీర విప్పేసేవాడి వేషం వేరు, విప్పలేని బతుకు వేరు. జాతరలో పక్కనే నిలబడి ఫొటో దిగినవాడే మర్నాడు నిజమైన ట్రాన్స్ మహిళ ఆటో ఆపితే ఎక్కించుకోడు. అయితే చీర కట్టిన మనిషిని చూసి కస్టమర్లు బెదిరిపోతారన్న సాకు మాత్రం ఈ ఊళ్లో చెల్లదు.

బ్రిటన్‌లో స్టోన్‌వాల్ అనే సంస్థ 2005 నుంచి, గే, లెస్బియన్, ట్రాన్స్ ఉద్యోగులను ఎలా చూసుకుంటున్నారో లెక్కగట్టి కంపెనీలకు మార్కులు వేస్తూ వచ్చింది. 2020లో మన దేశానికీ అలాంటి సూచీ వచ్చింది. పోటీ పెడితే యాజమాన్యాలు కదులుతాయన్నది నిజమే, మన కాలేజీలు వాటి నాణ్యతను తనిఖీ చేసి ఇచ్చే న్యాక్ గ్రేడు కోసం ఎంత పరుగెత్తుతాయో చూస్తూనే ఉన్నాం కదా. దానిలోని రోగమూ మనకు తెలుసు: తనిఖీ వారం గోడలకు సున్నం, మర్నాటి నుంచి మామూలే. వీరి గౌరవార్థం 'ప్రైడ్' నెలగా జరుపుకునే జూన్‌లో లోగోకు ఇంద్రధనుస్సు రంగులు పూసి, జులైలో ఒక ట్రాన్స్ అభ్యర్థిని గేటు దగ్గరే సెక్యూరిటీతో వెనక్కి పంపే కంపెనీకి ఏ పతకం ఇచ్చినా దండగ.

అందుకే పెద్ద పథకాలేవీ అడగడం లేదు. జిల్లా కలెక్టర్లు లాడ్జీ యజమానుల సంఘాన్ని, ప్రైవేటు కాలేజీలను, పారిశ్రామికవాడల ప్రతినిధులను ఒకరోజు కూర్చోబెట్టి, ఫిర్యాదుల అధికారి పేరు ఏదని ఒక్కొక్కరినీ అడగాలి. ఆ సమావేశానికి ట్రాన్స్ సంఘాల వారిని చివరి వరసలో కాకుండా బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. యూనివర్సిటీలు హాస్టల్ గదుల విషయం అడ్మిషన్లకు ముందే తేల్చాలి.

మా సంగతి: ఫిర్యాదుల అధికారిగా ఉండటానికి డెస్క్‌లోని ఒక సీనియర్ సహోద్యోగి ఒప్పుకున్నారు. మహిళల కమిటీలో మానేసిన వారి పేరు తీసేస్తున్నాం. విధానం రెండు పేజీలు వచ్చింది, అందులో ఒక పేజీ కొట్టేశాం, ఎవరూ చదవరని. సోమవారం అతికిస్తాం. హెల్మెట్ ఎవరిదో వాళ్లు వచ్చి తీసుకెళ్లారు, బోర్డు మీద ఆ చీటీ చోటు ఖాళీగా ఉంది.