లెక్కల నోట్స్ ఎవరి కోసం?

పోయినేడు ఏప్రిల్‌లో చెన్నై విల్లివాక్కంలో పాత పేపర్ల కొట్టు ముందు నుంచి వెళ్తుంటే తక్కెడలో పైనున్న నోట్‌బుక్ కంటబడింది. మా క్లాసు పిల్లవాడిదే. బ్రౌన్ అట్ట, లేబుల్, లోపల పేజీపేజీకీ నా ఎర్ర ఇంకు టిక్కులు. ఏడాదంతా రాసిన లెక్కలు, పరీక్షలైన వారానికే కిలోల లెక్కన పోతున్నాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాడి మీద కోపం రాలేదు. ఆ నోట్స్‌తో వాడికేం పని ఉందని దాచుకుంటాడు?

అలా చేసింది మనమే. బోర్డు మీదది దించుకో, మార్జిన్ గీయి, జవాబు కింద రెండు గీతలు కొట్టు, కరెక్షన్‌కి పెట్టు. తప్పు పోతే వైట్‌నర్ పూయి, మరీ ఎక్కువైతే పేజీ చింపి మళ్ళీ రాయి. టీచరు కోసం, ఇన్‌స్పెక్షన్ కోసం, పేరెంట్స్ మీటింగ్ కోసం! రాసినవాడికి మాత్రం దాన్ని మళ్ళీ తెరిచే అవసరమే రాదు. చదువుకోవడానికి గైడు ఉంది, ఫోన్లో వీడియో ఉంది. ఇక నోట్స్‌ని గౌరవించండర్రా అని ఎంత అరిస్తే ఏం లాభం?

అందుకే జూన్‌లో బడి తెరవగానే ఏడో తరగతిలో రెండు మార్పులు చేశాను. శుక్రవారం స్లిప్ టెస్ట్‌లో ఎవరి నోట్స్ వాళ్ళు తెరుచుకోవచ్చు. గైడు కుదరదు, పక్కవాడిది అసలే కుదరదు. ఇచ్చేవి కొత్త లెక్కలే, పద్ధతి మాత్రం నోట్స్‌లోది. రెండోది, తప్పు చెరపకూడదు. ఒక్క గీత కొట్టి, ఎందుకు తప్పిందో పక్కన సొంత మాటల్లో రాయాలి.

మొదట్లో ఒకటే గోల. "మిస్, నా దాంట్లో ఏమీ లేదు మిస్!" మూడో వారానికి, "మిస్, ఆగండి, ఆ స్టెప్ ఎందుకో చెప్పండి, రాసుకుంటా" అనడం మొదలైంది. పదహారేళ్ళుగా పాఠం చెబుతున్నాను, ఆ మాట విన్నది తక్కువ.

ఒకమ్మాయి పేజీ చెప్పాలి. 50 − 3(10 − 4) అన్న లెక్క. 50 − 30 − 12 చేసి 8 అని రాసింది. బ్రాకెట్ ముందు చేస్తే 50 − 18, అంటే 32 వచ్చింది. 8 మీద గీత కొట్టి మార్జిన్‌లో ఇలా రాసుకుంది: "పది రూపాయల పెన్నులు మూడు కొన్నా. ఒక్కోదానికి నాలుగు తగ్గించారు. ఆ 12 నాకు తిరిగి రావాలి. నేనే మళ్ళీ ఇచ్చేశా." మైనస్ గురించి నేను బోర్డు మీద ఎన్ని సూత్రాలు రాసినా ఇంత బాగా చెప్పలేదు. ఆ శుక్రవారం 80 − 5(9 − 2) ఇచ్చాను. ఆ పేజీ తిప్పి, ఆ వాక్యం మీద వేలు పెట్టుకుని 45 తెచ్చింది.

రామానుజన్ మన ఊళ్ళో పోర్ట్ ట్రస్ట్‌లో గుమాస్తా పని చేసినవాడే కదా. కాగితం ఖరీదని పలక మీద లెక్క చేసి, మోచేత్తో తుడిచేసి, ఫలితం మాత్రం నోట్‌బుక్‌లో ఎక్కించేవాడు. దారి పలకతోనే పోయింది. ఆ ఫలితాలకు రుజువులు కూర్చి అమెరికా గణితవేత్త బ్రూస్ బెర్న్‌ట్ వేసిన అయిదు సంపుటాలు 1985 నుంచి 1998 దాకా వస్తూనే ఉన్నాయి. అంతటివాడి లెక్కకే అంత పని పడితే, పిల్లలకు స్టెప్పులు ఎందుకు రాయమంటానో వేరే చెప్పక్కర్లేదు.

నలభై రెండు మంది. అందరివీ రోజూ చూడలేను. రోజుకు పది తీసుకుని మార్జిన్లు చదివి, ఒక్కో ప్రశ్న రాసి ఇస్తాను. "టిక్కులేవి?" అని పైవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. మొన్న మీటింగ్‌లో ఒకావిడ, "ఏంటి మేడమ్, నోట్స్ నిండా కొట్టివేతలే, మా వాడు ముందు ఎంత నీట్‌గా రాసేవాడో" అంది. "ఉండనివ్వండమ్మా, అవే వాడి లెక్కలు" అన్నాను. ఆవిడ ముఖంలో నమ్మకం కనబడలేదు.

అమ్మానాన్నలకు ఒకటే మనవి. ఈసారి నోట్స్ చేతికొస్తే అక్షరాలు చూడకండి. గీత కొట్టిన చోట ఆగి, "ఇక్కడేమైందిరా?" అని అడగండి. నాకు ఆ పెన్నుల సంగతి తెలిసింది అలా ఆగి చూస్తేనే.