కుక్కపిల్లని కొనేముందు తల్లిని చూపించమనండి

ఇన్‌స్టాలో, ఓఎల్ఎక్స్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో కుక్కపిల్లల యాడ్స్ చూడండి, అన్నీ ఒకటే పాట, "ల్యాబ్ (లాబ్రడార్) పప్పీస్, హెవీ బోన్, 35 డేస్, వ్యాక్సినేషన్ డన్, ఆల్ ఇండియా డెలివరీ". ఆ 35 డేస్ అన్న ముక్క ఒక్కటి చాలు ఆ అమ్మకం రూల్స్‌కి విరుద్ధం అని చెప్పడానికి. 2017లో కేంద్రం తెచ్చిన డాగ్ బ్రీడింగ్ అండ్ మార్కెటింగ్ రూల్స్ ప్రకారం 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. దాచిపెట్టడం కూడా లేదండీ, యాడ్‌లోనే దర్జాగా రాసుకుంటున్నారు, మనమేమో చిన్నప్పుడే తెచ్చుకుంటే బాగా మాలిమి అవుతుంది అని ఎగబడి కొంటున్నాం.

జరిగేది దానికి రివర్స్. మూడో వారం నుంచి ఎనిమిదో వారం దాకా పిల్ల తన తల్లితో, తోడబుట్టినవాటితో కొట్లాడుకుంటూ ఎంత గట్టిగా కరిస్తే ఎదుటిదానికి నొప్పి పుడుతుందో నేర్చుకుంటుంది, మధ్యలో లాక్కొచ్చేస్తే ఆ చదువేదో మన పిల్లల చేతుల మీద మొదలవుతుంది. మరి అమ్మేవాళ్ళకి తొందర ఎందుకంటే, నెల దాటాక తల్లిపాలు చాలవు, ఎనిమిది పిల్లలకి ఫీడ్ పెట్టాలి, డివార్మింగ్ (కడుపులో పురుగులకి మందు) చేయించాలి, వ్యాక్సిన్లు వేయించాలి, ఆ ఖర్చంతా కొన్నవాడి నెత్తిన వేసేస్తే వీళ్ళకి మిగులు.

"వ్యాక్సినేషన్ డన్" సంగతి కూడా చెప్పుకోవాలి. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు పిల్ల ఒంట్లో ఇంకా ఉండగా వేసిన టీకా సరిగ్గా పట్టకపోవచ్చు, అందుకే 6-8 వారాలప్పుడు మొదలెట్టి 16 వారాల వయసు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి డోసు వేస్తారు డాక్టర్లు. నెల పిల్లకి ఒక సూది పొడిచేసి డన్ అంటే ఏం డన్? కుక్కపిల్లల పేగుల్ని దెబ్బతీసే పార్వో వైరస్ ఒంట్లోకి వెళ్ళాక వాంతులు, రక్త విరేచనాలు బయటపడటానికి మామూలుగా నాలుగైదు రోజుల నుంచి వారం పడుతుంది, అంటే అక్కడే అంటుకున్నా మీ చేతిలో పెట్టేటప్పుడు పిల్ల గంతులేస్తూనే ఉంటుంది. వారం తర్వాత ఫోన్ చేస్తే "మా దగ్గర బానే ఉందండీ, మీరేం పెట్టారు" అంటాడు, ఇంట్లోవాళ్ళు కూడా నిజంగానే మనం పెట్టిన పెరుగన్నం పడలేదేమో అనుకుంటారు.

పాడిని చూసి బర్రెను, తల్లిని చూసి పిల్లను తెచ్చుకోవాలని పెద్దవాళ్ళు అన్నది పెళ్ళిళ్ళ గురించే అయినా కుక్కలకి ఇంకా కరెక్టుగా సరిపోతుంది. తల్లి కుక్క 18 నెలలు నిండకుండా, 8 ఏళ్ళు దాటాక బ్రీడింగ్ చేయించకూడదు, వరసగా రెండు సీజన్లు (ఎదకొచ్చే సమయాలు) చేయించకూడదు, జీవితం మొత్తం మీద ఐదు ఈతలకి మించకూడదు, ఇవన్నీ రూల్సే, కానీ ఇవి పాటించారో లేదో పిల్ల మొహం చూస్తే తెలీదు కదా. అందుకని నేరుగా వెళ్ళి తల్లిని చూడాలి, ఫోటో కాదు, వీడియో కాదు. పాలిచ్చే తల్లి కాస్త చిక్కి ఉండటం మామూలే, అది తప్పు కాదు. ఎముకలు తేలిపోయి, చర్మం మీద పుండ్లుండి, మనిషిని చూడగానే మూలకి నక్కితే మాత్రం ఎంత ముద్దుగా ఉన్నా ఆ పిల్లని వదిలేసి వచ్చేయండి. జాలిపడి కొంటే ఆ తల్లికి ఇంకో ఈత ఖాయం. "తల్లి ఊళ్ళో ఉందండీ" అంటే వాడు మధ్యవర్తి అన్నమాట. రూల్స్‌లో బ్రీడర్ అన్న నిర్వచనంలో మధ్యవర్తులు, ట్రేడర్లు కూడా వస్తారు, కాబట్టి స్టేట్ యానిమల్ వెల్ఫేర్ బోర్డు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమని అతన్నీ అడగొచ్చు.

కేసీఐ పేపర్లున్నాయి కదా అంటారు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చేది వంశవృక్షం, అంటే తాతముత్తాతల పేర్లు, ఆ కాగితం తుంటి ఎముకల గురించి ఏమీ చెప్పదు. ల్యాబ్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్‌లలో హిప్ డిస్ప్లేసియా, అంటే తుంటి కీలు సరిగ్గా కుదురుకోకపోవడం, ఎక్కువ, అది తల్లిదండ్రుల నుంచి దిగే జబ్బు, అందుకే తల్లికీ తండ్రికీ తుంటి ఎక్స్‌రే తీయించారా అని అడగండి. చాలామంది బ్రీడర్లు ఈ ప్రశ్నకి మిమ్మల్ని వింతగా చూస్తారు, అది కూడా ఒక జవాబే.

జాతి ఎంపికలో మాత్రం తప్పంతా బ్రీడర్లదే అంటే నేను ఒప్పుకోను. 2003లో పగ్‌తో హచ్ మొబైల్ యాడ్ వచ్చాక ఇంటింటా పగ్ కావాల్సొచ్చింది, ఇప్పుడు హస్కీ, ఫ్రెంచ్ బుల్‌డాగ్ కావాలి. కుక్క ఒళ్ళు చల్లబరుచుకునేది ప్రధానంగా రొప్పడం వల్లే, పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌ల ముక్కునేమో మనం "పంచ్ ఫేస్" అని మురిసిపోతూ నొక్కి నొక్కి బ్రీడ్ చేయిస్తే మే నెల బెజవాడ ఎండలో అది ఊపిరెలా తీసుకోవాలి? ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లలో పిల్లల తలలు పెద్దవి, తల్లి కటి ఇరుకు, చాలావాటికి సిజేరియనే గతి. సైబీరియా మంచు కోసం రెండు పొరల బొచ్చు పెంచుకున్న హస్కీని అపార్ట్‌మెంట్ బాల్కనీలో కట్టేసి రోజంతా అరుస్తోంది అని కంప్లైంట్ ఒకటి. కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గర పందికోన కుక్కలున్నాయి, మన ఎండల్లో పుట్టి పెరిగిన జాతి, కాకపోతే వాటికి పరిగెత్తడానికి చోటు కావాలి, ఫ్లాట్‌లో ఉండేవాళ్ళు వాటి జోలికి కూడా వెళ్ళొద్దు.

మంచి బ్రీడర్ దొరికితే ముందు విసుగొస్తుంది, ఎందుకంటే ఇంటర్వ్యూ మీకే జరుగుతుంది. పగలు ఇంట్లో ఎవరుంటారు, ఇల్లు సొంతమా అద్దెనా, ఇంతకుముందు పెంచారా, ఊరెళ్తే ఎవరు చూస్తారు అని అడుగుతారు, ఇప్పుడు పిల్లల్లేవు ఆర్నెల్లు ఆగండి అంటారు, పెంచలేకపోతే రోడ్డు మీద వదలకుండా నాకే తిరిగివ్వండి అని రాయించుకుంటారు, బిల్లు, మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) నంబర్, టీకాల కార్డు, ఫీడింగ్ వివరాలు మీరు అడక్కుండానే చేతిలో పెడతారు. ఫోన్‌పే చేస్తే రాత్రి ట్రావెల్స్ బస్సులో అట్టపెట్టెలో పంపించేస్తా అనేవాడు వీటిలో ఒక్కటీ అడగడు, వాడికి కావాల్సింది మీరు పెట్టెని ఏ స్టాప్‌లో దింపమంటారో అంతే.