పేరుకు పిల్లల పరుగు

కుటుంబ సమేతంగా సరదా పరుగుకు రమ్మని, చిన్నపిల్లలను కూడా తీసుకురమ్మని పిలిచే నిర్వాహకులు, ఆ పిల్లలు నిజంగానే వస్తారన్న సంగతిని ఎందుకు మరిచిపోతారో నాకు అంతుపట్టదు. ఉదయం 6 గంటలకని చెప్పిన పరుగు, వేదిక మీది ప్రసంగాలన్నీ ముగిసి మొదలయ్యేసరికి 7 దాటుతుంది. ఈలోగా నాలుగేళ్ల పిల్లకున్న ఉత్సాహమంతా నిలబడటంలోనే ఖర్చయిపోతుంది.

అంతకన్నా బాధ కలిగించేది ప్రారంభ రేఖ దగ్గరి తోపులాట. బహుమతులే లేని పరుగులో సైతం చేతి గడియారం నొక్కుకుంటూ దూసుకుపోయే పెద్దలు, తమ మోకాలి ఎత్తున కూడా మనుషులున్నారని గమనించరు. పిల్లలు తిన్నగా పరుగెత్తరు. హఠాత్తుగా ఆగుతారు, పక్కకు తిరుగుతారు, ఊడిన బూటు లేసు చూపించడానికి దారి మధ్యలోనే కూర్చుంటారు. వేగంగా పరుగెత్తేవారిని ముందు పంపి, పిల్లలనూ, పసివాళ్లను కూర్చోబెట్టి తోసే బండ్లనూ కొన్ని నిమిషాలు ఆగి వదలడం పైసా ఖర్చులేని పద్ధతే అయినా, దానిని పాటించే ఓపిక ఎవరికీ ఉండదు.

ఇక 5 కిలోమీటర్ల దూరం ఒక్కటే పెట్టి, అలసిన పిల్లలు మధ్యలో వెనుదిరిగే మార్గం లేకుండా చేయడం వల్ల, చివరి సగమంతా తల్లి భుజం మీదో తండ్రి భుజం మీదో సాగుతుంది. (పరుగెత్తింది ఎవరో, పతకం ఎవరి మెడలో పడిందో వేరే చెప్పనక్కరలేదు.) తీరా గమ్యం చేరేసరికి నీళ్ల బల్లలు ఎత్తేశారు, చిన్న సైజు టీషర్టులు అయిపోయాయన్నారు. రుసుము మాత్రం పిల్లలకూ పెద్దలకూ సమానంగానే వసూలు చేశారు.