స్క్రూ కన్వేయర్‌కు ఉన్న హక్కులు

బెంగళూరు పీణ్యలోని మా షెడ్డులో స్క్రూ కన్వేయర్‌కు ఉన్నన్ని హక్కులు నాకు లేవు. పన్నెండేళ్లుగా దాన్ని బిగించి, విప్పి, గ్రీజు పూస్తున్న మనిషిగా ఈ వాంగ్మూలం ఇస్తున్నాను.

అది చేసే పని ఎంతని! యూ ఆకారపు తొట్టి, అందులో ఒక షాఫ్టు, షాఫ్టు చుట్టూ మెలికలు తిరిగిన ఉక్కు రేకు. అది ఉన్నచోటే తిరుగుతుంది, సిమెంటో తవుడో ముందుకు నడుస్తుంది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దపు ఆర్కిమెడిస్ పేరుతో చలామణి అవుతున్న నీళ్లు తోడే మరకు ఇది వారసురాలు. వంశం గొప్పదే, కాదనను. కానీ ఆ సుకుమారం చూడండి: తొట్టి నిండా సరుకు పోయకూడదట! తేలిగ్గా జారే సరుకైతే 45 శాతం, కాస్త మొండిదైతే 30, ఇసుకలా ఒరుసుకునేదైతే 15. మించితే, భారం ఎక్కువైనప్పుడు కరెంటు తెంచే రిలే పడిపోయి (అంటే ట్రిప్ అయి) మోటారు ఆగిపోతుంది. దానికి ఎవరూ మెమో ఇవ్వరు. పైగా కోలారు నుంచి వచ్చిన మా ఫోర్‌మన్ పరుగున వచ్చి యంత్రాన్ని తెలుగులో బుజ్జగిస్తాడు, మమ్మల్ని మూడు భాషల్లో తిడతాడు.

నా తొట్టి పొర్లిపోతోందని మేనేజరుగారికి విన్నవించాను. డ్రాయింగులు, స్టోరు, రాత్రి తొమ్మిదింటికి కస్టమర్ల ఫోన్లు అన్నీ నావే అన్నాను. "దానికి రిలే ఉందండీ, మీకు లేదు కదా" అన్నారు. ఆ తర్కంలో లోపం కోసం ఇంకా వెతుకుతున్నాను.

కాబట్టి ఆ శాతాల పట్టికను మనుషులకూ వర్తింపజేయాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాను. చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్లకు 45. ఎదురు ప్రశ్నలు వేసేవాళ్లను ఒరుసుకునే సరుకుగా గుర్తించి 15. ఆ వర్గంలో చేరడానికి నేను రేపటి నుంచే సాధన మొదలుపెడతాను.

యంత్రం నుంచి నేర్చుకోవలసింది ఇంకా ఉంది. సొంత బరువు, తొట్టి గోడ ఒరిపిడి పట్టి ఉంచబట్టే సరుకు ముందుకు జరుగుతుంది. తడిసి స్క్రూకు అంటుకుపోయిన సరుకు మాత్రం దానితోపాటే గిరగిర తిరుగుతుంది, అంగుళం కదలదు. ఈ సూత్రాన్ని ప్రతి సోమవారం సమీక్షా సమావేశంలో పదకొండుమందిమి రెండు గంటలపాటు నిరూపిస్తున్నాం. ఇక పొడవాటి స్క్రూకు మధ్యలో ఆసరాగా హ్యాంగర్ బేరింగ్ ఉంటుంది. అక్కడ రేకు తెగి ఉంటుంది కనుక సరుకు ఇరుక్కునేదీ అక్కడే. అర్థం కాకపోతే సాయంత్రం ఆరున్నరకు మెజెస్టిక్ మెట్రో స్టేషన్‌లో గ్రీన్ లైన్ దిగి పర్పుల్ లైన్ ఎక్కి చూడండి.

అన్నిటికన్నా నాకు కన్ను కుట్టే హక్కు మరొకటి ఉంది. మరమ్మతు వేళ మెయిన్ స్విచ్ ఆపి, తాళం వేసి, తాళంచెవి పనిచేసేవాడి జేబులోనే ఉంచాలి. అతను బయటికి వచ్చేదాకా యజమాని అడిగినా ఇవ్వకూడదు. మొన్న ఆదివారం నేనూ ఫోను ఆపి జేబులో వేసుకున్నాను. సోమవారం మెమో వచ్చింది, కారణం రాసిమ్మన్నారు.

"రిలే పడిపోయింది" అని రాసిచ్చాను.